తాడు కింద లంథాదో

మా తమ్ముడు ఒవీదియోని ఊరంతా 'లంథాదో' అంటుంది. ముందూ వెనకా చూడకుండా దూకేసే మనిషి అని. స్పెయిన్ ఉత్తరాన మా అస్తూరియాస్ తీరంలో మగవాళ్లు ఆ మాట భుజం తట్టి అంటారు, ఆడవాళ్లు తల పట్టుకుని అంటారు. నేను రెండో రకం.

క్రిస్మస్ ముందు రోజులు. రాళ్లకు అంటుకుని పెరిగే పెర్థెబే గుల్లలు లేందే ఇక్కడ ఎవరికీ పండగ విందు గొంతు దిగదు. అయినా ఆ ఉదయం మావాళ్లు నలుగురు కొండ అంచున నిలబడి, అలలు చూసి, ఇవాళ దిగి గుల్లలు గీకడం వద్దనుకున్నారు. సారా కొట్టు సెల్మో మాత్రం ఊరుకోలేదు.

"మన లంథాదో ఉన్నాడుగా! ఏరా, దిగవా?"

తమ్ముడు నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"తాడు పట్టుకో అక్కా."

"వద్దురా. వాడికేం, ఒడ్డున కూర్చుని వంద చెప్తాడు."

"నువ్వు పడతావా, సెల్మోకి ఇవ్వనా?"

పట్టుకున్నాను. వాడు రెండో కొస నడుముకి కట్టుకుని రాళ్ల మీదికి దిగాడు.

మా పనిలో ఒకటే కట్టుబాటు. పైన తాడు పట్టినవాళ్లు "సముద్రం!" అని అరిస్తే, కింద ఉన్నవాడు చేతిలో ఏదుంటే అది వదిలేసి, వెనక్కి చూడకుండా పైకి రావాలి. ఎందుకని అడగకూడదు. అందుకే ఉత్తినే అలా అరిచినవాళ్ల చేతికి మళ్లీ ఎవరూ తాడివ్వరు. ఇరవై ఏళ్లలో నేను ఒక్కసారీ ఉత్తినే అరవలేదు.

మొదటి అల వాడి మోకాళ్ల దాకా వచ్చింది. రెండోది నడుం దాకా. వాడు గీకడం మానేసి రాయికి బల్లిలా కరుచుకుపోయాడు. నేను తాడు ఇంకో చుట్టు చేతికి బిగించాను. వెనక సెల్మో చప్పట్లు కొడుతున్నాడు. వచ్చెయ్యరా అంటే వాడు రాడు, ఇంతమంది వింటుంటే అసలు రాడు.

ముందున్న నీళ్ల వైపు చూశాను. అప్పుడే కాస్త సద్దుమణిగాయి. పెద్ద అల ఏదీ లేదు.

"సముద్రం!" అని గొంతు చించుకుని అరిచాను.

వాడు పాకుతూ పైకొచ్చాడు. అల రాలేదు.

"ఏదమ్మా అల? ఇక నీ చేతికి తాడెవడిస్తాడు?" అన్నాడు సెల్మో. మిగతావాళ్లు మొహాలు తిప్పుకున్నారు.

"ఛీ, పిరికిదానా! సంచీ సగం కూడా నిండలేదు!" అని తమ్ముడూ నలుగురికీ వినబడేలా తిట్టాడు. తిడుతూనే నా మణికట్టు పట్టుకున్నాడు. గట్టు మీదికొచ్చాక కూడా ఆ పట్టు సడలలేదు.

వాడి నడుముకున్న తాడు విప్పడానికి నేను వంగితే, నా చెవిలో అన్నాడు:

"అరవడానికి ఇంతసేపు చేశావేంటే అక్కా?"