నిమ్మకాయల పెద్ద

మా లాస్ గార్సాస్ రేవులో పెళ్లంటే పెళ్లికూతురి తల్లి ఒక్కతే నెత్తిన వేసుకునే బరువు కాదు. ఉంగరాలకు ఒక పెద్ద ఉంటారు, కేకుకు ఒక పెద్ద, బాజాలకు ఒక పెద్ద. చర్చిలో పెళ్లికూతురు మోకరిల్లే దిండుకు కూడా ఒక పెద్ద ఉండాల్సిందే. ఎవరికి ఏది అప్పజెప్తే దాని మంచిచెడ్డలు, ఖర్చు, మాట అన్నీ వాళ్లవే. ఇంటికొచ్చి అడిగితే కాదనేవాళ్లు మా ఊళ్లో పుట్టలేదు. అడక్కుండా వదిలేస్తే మర్చిపోయేవాళ్లు కూడా పుట్టలేదు.

లూలా తన కూతురు యారెలీ పెళ్లికి వీధి వీధీ తిరిగి అందరినీ అడిగింది. మొగుడు పోయిన మనిషి కదా అని ఊరంతా ముందుకొచ్చింది. మరిది వరసైన నబోర్ బీరుకు పెద్దగా ఉంటానన్నాడు. చేపల బజారులో ఐసు కొట్టే ఆవిడ దిండు తీసుకుంది. చివరికి అడగకుండా మిగిలిన మనిషి ఒక్కరే, లూలా సొంత అక్క క్రిస్పీనా.

వాళ్లిద్దరూ విడిపోయింది పొలం దగ్గరా కాదు, ఇంటి దగ్గరా కాదు. బీరు దగ్గర. సముద్రం ఒడ్డున వాళ్ల నాన్న ఒక తాటాకు పాకలో బీరు అమ్మేవాడు. ఆయన పద్ధతి ఒకటే. ఐసులోంచి డబ్బా తీసి, మూత తుడిచి, దాని మీద ఉప్పు చల్లి, నిమ్మబద్ద పిండి, ఆ బద్దను అక్కడే ఆనించి చేతికిచ్చేవాడు. ఆయన పోయాక అక్కాచెల్లెళ్లు అదే పాకలో అదే పద్ధతిలో చాలా కాలం నడిపారు. ఆ తర్వాత లూలాకు కొత్త ఆలోచనలు పుట్టాయి. పెద్ద గ్లాసులు తెచ్చింది. అంచుకు చింతపండు గుజ్జు రాసి కారంలో అద్దింది. పైన మామిడి ముక్కలు, కీర చక్రాలు, సరదా పుడితే ఒక ఉడికిన రొయ్యను కూడా తగిలించింది. గ్వాదలహారా పట్నం నుంచి వచ్చేవాళ్లు ఆ గ్లాసులు పట్టుకుని ఫొటోలు దిగడం మొదలుపెట్టారు.

"ఇది బీరా, పసిపిల్లలకు పెట్టే పళ్ల గిన్నా? నాన్న చూస్తే సముద్రంలో పారబోసేవాడు" అంది క్రిస్పీనా, అందరి ముందూ.

"నాన్న ఉంటే ముందు నీ మొహంలో ఆ పులుపు చూసి, ఇంక బీరులోకి నిమ్మకాయెందుకనేవాడు" అంది లూలా, ఇంకా గట్టిగా.

అంతే, ఆ రోజుతో పాక రెండైంది. రెండు కొట్లూ పక్కపక్కనే, మాటలు మాత్రం లేవు. ఏదైనా చెప్పుకోవాలంటే తాగడానికి వచ్చినవాళ్లే దిక్కు. "ఆవిడగారి గొడుగు నీడ నా బల్ల మీద పడుతోందని చెప్పండి బాబూ" అనేది ఇటు లూలా. "ఆ నీడకు అద్దె అక్కర్లేదని చెప్పండి" అనేది అటు క్రిస్పీనా. అడుగు దూరంలో ఉన్న మనిషికి కబురు మోస్తూ రెండేళ్లు గడిపారు మా ఊరి మగాళ్లు. మోసిన ప్రతి కబురుకూ నాలుక తడుపుకోవాలి కాబట్టి వాళ్లేం బాధపడలేదు.

"పెద్దమ్మ లేకుండా తీసిన ఫొటో నేను గోడకు పెట్టను" అని యారెలీ పెళ్లికి ముందే తేల్చి చెప్పింది. లూలాకు మాత్రం పిలవాలని లేదా? ఎందుకు లేదు. ఎన్నోసార్లు పొద్దుగూకే వేళ అక్క వీధి మొదటిదాకా వెళ్లింది. అక్కడ ఎవరో ఎదురై పలకరించేవారు, ఏదో పని మీద వచ్చినట్టు నటించి వెనక్కి వచ్చేసేది. పెద్దది, తనే ఒక అడుగు ముందుకేస్తే ఏం పోయింది అని గొణుక్కునేది. ఇలా గొణుగుతూ ఉండగానే పెళ్లిరోజు వచ్చేసింది.

చర్చిలో పెళ్లి చక్కగా జరిగింది. బేస్‌బాల్ మైదానంలో వేసిన పందిరి కిందకి అందరూ చేరారు. మేకమాంసం పులుసు ఘుమఘుమలాడుతోంది. ట్యూబా అనే పెద్ద బాకా ఊదే ఆయన బుగ్గలు పూరించి సిద్ధంగా ఉన్నాడు. పెద్ద పెద్ద తొట్లలో ఐసు, ఐసులో మెడదాకా మునిగిన డబ్బాలు. నబోర్ తన పరువుకు తగ్గట్టు ఒక పడవ నిండేంత బీరు దించాడు. తొట్ల పక్కనే పళ్లేల్లో ఉప్పు కూడా పోసి పెట్టాడు. అలాంటి మనిషి లూలా దగ్గరికొచ్చి చెవిలో నెమ్మదిగా అడిగాడు.

"వదినా, నిమ్మకాయలెక్కడ పెట్టించావు?"

"నన్నడుగుతావేంటి? బీరుకు పెద్ద నువ్వు కదా!"

"బీరుకు పెద్దనన్నావు. ఐసుకూ ఉప్పుకూ పెద్దనన్నావు. నిమ్మకాయల మాట ఎత్తావా?"

నిమ్మకాయలకు పెద్దను పెట్టడమన్నది మా ఊళ్లో ఎవరూ ఎరగరు. గాలికి పెద్దను పెడతామా, సముద్రానికి పెడతామా? ఏ పెళ్లయినా, ఏ పురుడయినా నిమ్మకాయలు క్రిస్పీనా పెరట్లోంచి గంపలకొద్దీ వాటంతట అవే నడిచొచ్చినట్టు వచ్చేవి. మిగతా పెరళ్లలో చెట్లు కిందటేడు తెగులుకు ఎండిపోయాయి. వానలకు వాగు పొంగి బజారుకు రావాల్సిన నిమ్మకాయల లారీ అవతలి ఒడ్డునే ఆగిపోయింది. ఇన్ని తెలిసీ, ఇంత పెళ్లి చేస్తూ, ఊళ్లో ఒక్కరికీ ఆ ఊహే తట్టలేదు.

సంగతి పందిరంతా పాకింది. డబ్బాలు చేతుల్లోకి వెళ్లాయి గానీ ఎవరూ మూత తీయడం లేదు. అది చూసి పెళ్లికొడుకు తండ్రి దోన్ ఎవరార్దో నవ్వాడు. మాంటెరే నుంచి వచ్చిన మనిషి, పెద్ద టోపీ, మంచి మనసు, గట్టి గొంతు.

"దీనికింత దిగులెందుకు వియ్యపురాలా? మా వైపు బీరును బీరులాగే తాగుతాం. నిమ్మకాయ పిండేది బీరు బాగోలేనప్పుడు" అన్నాడు, ఓదార్చాలనే అన్నాడు పాపం.

చేతిలో డబ్బాను ఒక ముసలి జాలరి బల్ల మీద దించి చేతులు కట్టుకున్నాడు. ఆయన్ను చూసి పక్కాయనా దించాడు. "అట్టా తాగడానికి మాకేం జ్వరమొచ్చిందా" అని వెనకనుంచి ఎవరో అన్నారు. వియ్యాలవారి ముందు ఊరి పరువు పోయేలా ఉంది. లూలా ఇంకేం ఆలోచించలేదు. ఒక ఖాళీ గోనెసంచి చంకన పెట్టుకుని, పట్టుబట్టల్లోనే అక్క ఇంటికి నడిచింది.

క్రిస్పీనా ముంగిలి ఊడుస్తోంది. ఊడవడానికక్కడ ఒక్క ఆకు కూడా లేదు. ఒంటి మీద నీలం గౌను, పండగలకు తప్ప బయటికి తీయనిది. చెవులకు అమ్మ కమ్మలు. జుట్టు నున్నగా దువ్వి ముడి వేసుకుంది. చెల్లెల్ని చూసి చీపురు ఆపింది.

"ఏం కావాలి?"

రెండేళ్ల తర్వాత మధ్యలో మనిషి లేకుండా విన్న మాట అది. లూలా చంకలోని సంచి ముందుకు చాపింది.

"నిమ్మకాయలు."

"నిమ్మకాయలేనా?"

ఆ గౌను, ఆ కమ్మలు, ఆ ముడి, అన్నీ లూలా కంటబడ్డాయి. ఎవరి కోసం ముస్తాబై కూర్చుందో కూడా తెలిసిపోయింది. ఒక్కమాట అంటే చాలు. కానీ పాడు పౌరుషం అడ్డం నిలబడింది.

"నిమ్మకాయలే" అంది.

క్రిస్పీనా చీపురు పక్కన పెట్టింది. కొక్కెం కర్ర తెచ్చి కొమ్మలు వంచింది. ఒక్కో కాయనూ చేత్తో నొక్కి చూసి సంచిలో వేసింది. సంచి నిండాక మూతి కట్టి, తనే లేపి చెల్లెలి భుజానికెత్తింది.

"పైనున్నవి ముందు కోయించు. అవి పల్చతోలువి, రసం ఎక్కువ." సంచి ముడి ఇంకోసారి బిగిస్తూ అడిగింది. "పిల్ల బాగుందా?"

"బాగుంది."

"తల్లో ఏం పూలు పెట్టారు?"

"తెల్లవి."

"మంచిపని చేశారు" అని క్రిస్పీనా మళ్లీ చీపురు అందుకుంది.

లూలా తిరిగి నడిచింది. అడిగినవన్నీ దొరికాయి. ఐనా ఏడుపొస్తోంది. సంచి బరువు వల్లే కళ్లల్లో నీళ్లు తిరుగుతున్నాయని ఎదురైనవాళ్లు అనుకునేలా ముక్కుతూ మూలుగుతూ నడిచింది.

పందిట్లో సంచి విప్పగానే ఈలలు, కేకలు. చాకులు కదిలాయి, మూతలు తెరుచుకున్నాయి, ఉప్పు చల్లారు, బద్దలు పిండారు. ఆ పులుపు వాసన లేచాక గానీ అది పెళ్లిపందిరిలా అనిపించలేదు. ముసలి జాలరి ఒక డబ్బాను శ్రద్ధగా తయారుచేసి దోన్ ఎవరార్దో చేతిలో పెట్టి, ఎదురుగా నిలబడ్డాడు. వియ్యంకుడు ఒక గుక్క తాగాడు, మీసం తుడుచుకున్నాడు, ఇంకో గుక్క తాగాడు.

"మా ఊళ్లో ఎవరికీ చెప్పకండి" అన్నాడు. పందిరి విరగబడి నవ్వింది.

ఆ ఊపులోనే బాజాలాయన మైకు పట్టుకుని పెద్దల్ని ఒక్కొక్కరినే పిలవడం మొదలుపెట్టాడు. పిలిచినవాళ్లు వచ్చి పెళ్లికూతురితో ఒక చుట్టు ఆడి వెళ్లాలి. ఉంగరాల పెద్ద ఆడింది. దిండు పెద్ద ఆడింది. బీరు పెద్ద నబోర్ ఆడాడనడం కంటే తూలాడనడం న్యాయం. అంతా అయిపోయిందనుకుంటుండగా ఎవరో అరిచారు.

"మరి నిమ్మకాయలకెవరు పెద్ద?"

"ఇంకెవరు, లూలాయే! భుజాన మోసుకొచ్చింది కదా!"

చప్పట్లు మొదలయ్యాయి. ఎవరో లూలాను ముందుకు తోశారు, మైకు చేతిలో పెట్టారు. ఎదురుగా యారెలీ చేతులు చాచి నవ్వుతూ నిలబడింది, కానీ ఆ నవ్వు సగమే. అది తల్లికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

"నేను కాదు" అంది లూలా. మైకు కీచుమంది. "నిమ్మకాయలకు పెద్ద మా అక్క క్రిస్పీనా."

"ఏదీ, ఎక్కడుంది?" అన్నాడు బాజాలాయన హుషారుగా. పొరుగూరి మనిషి, సంగతి తెలియదు.

"ఇంట్లో ఉంది. పండగ గౌను తొడుక్కుని చెత్తలేని ముంగిలి ఊడుస్తోంది. ఊరందర్నీ పిలిచి అక్కను పిలవలేదు నేను."

మైకు తిరిగి అతని చేతిలో పెట్టేసి, చెప్పులు విడిచి చేత పట్టుకుని, లూలా వీధిన పడింది. వెనకాల యారెలీ గౌను కుచ్చెళ్లు ఎత్తిపట్టుకుని పరిగెత్తింది. పెళ్లికూతురు ఎటు వెళ్తే బాజాలు అటు వెళ్లాలి కదా అనుకుని ట్యూబా ఆయన ఊదుతూ లేచాడు. ఆయన వెనక డోలు, డోలు వెనక డబ్బాలు చేతబట్టుకుని సగం పందిరి. దోన్ ఎవరార్దో కూడా టోపీ సర్దుకుని బయల్దేరాడు. ఇది ఈ వైపు పెళ్లిళ్లలో ఒక తంతు అనుకున్నాడాయన.

చప్పుడు విని క్రిస్పీనా గేటు దాకా వచ్చింది. చీపురు ఇంకా చేతిలోనే ఉంది. ముందు చెల్లెలు, వెనక ఊరు. బాజాలు ఆగాయి.

"మళ్లీ ఏమొచ్చింది? చాల్లేదా?" అంది.

"చాలాయి. మిగిలాయి కూడా."

"మరింకేంటి?"

"నువ్వే తక్కువయ్యావక్కా."

క్రిస్పీనా చెల్లెల్ని చూసింది, ఆమె చేతిలోని చెప్పుల్ని చూసింది, దుమ్ము కొట్టుకుపోయిన పట్టుబట్టల్ని చూసింది. తర్వాత వెనకాల చెమటలు కక్కుతూ నిలబడ్డ పెళ్లికూతురి మీద పడ్డాయి ఆమె కళ్లు. చీపురు గోడకానించి, గేటు తీసి, యారెలీని గుండెకు హత్తుకుంది. ఆ పిల్ల భుజం మీదనుంచే చెల్లెలి మీద విరుచుకుపడింది.

"బుద్ధుందా నీకసలు? మిట్టమధ్యాహ్నం పెళ్లికూతుర్ని ఎండలో నడిపిస్తావా? పూలన్నీ వాడిపోయాయి చూడు! ఇంత వయసొచ్చింది, ఎప్పుడు నేర్చుకుంటావే నువ్వు?"

ఆవిడగారికి చెప్పండని ఎవరితోనూ అనలేదు. తిట్టు సూటిగా వచ్చి తగిలింది, అదీ 'నేర్చుకుంటావే' అని, చిన్నప్పుడు తిట్టినట్టు. లూలాకు ప్రాణం లేచొచ్చింది. కళ్లు తుడుచుకుంటూ, ఇంకా ఏమంటుందోనని అక్క వైపే చూస్తూ నిలబడింది.