తలా ఒక వాక్యం

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆ ఉదయం ఆరబెట్టే యంత్రం మొరాయించింది. తడి దుప్పట్లన్నీ చేత్తో పిండి, తీగల మీద ఆరేసేదాకా మేస్త్రీ ఎవరినీ కదలనివ్వలేదు. అక్కడ పొద్దుటి షిఫ్టు చేసే అమ్మాయి విశ్వవిద్యాలయానికి పరుగెత్తుకొచ్చేసరికి చేతులింకా బ్లీచింగ్ వాసన కొడుతున్నాయి. పాఠం ఒక్క ముక్క కూడా చదవలేదు.

అర్థశాస్త్రం చెప్పే ఆచార్యుడిది ఒకటే నియమం. పాఠం ముందే చదివి రావాలి. చదవనివాళ్లు బయటికి నడవాలి. మూడుసార్లు నడిచినవాళ్లను పరీక్షకు రానివ్వరు. మంచి నియమమే, తీరిక ఉన్నవాళ్లకు. ఆమె ఇప్పటికే రెండుసార్లు నడిచింది. ఈసారి నడిస్తే ఏడాది గంగపాలే. అప్పుడిక అన్న ఊరుకోడు. 'చదివింది చాల్లే, రెండు షిఫ్టులూ చెయ్యి' అనే మాట అతని నాలుక చివర ఎప్పటినుంచో ఉంది.

నియమం ఉన్నచోట దొడ్డిదారీ ఉంటుంది. ఈ తరగతిలో ఆ దారి పేరు పంతులమ్మ. తోటి విద్యార్థులు తమలో ఒక పిల్లకు ముద్దుగా పెట్టిన పేరది. పాఠం చదివేది ఆ పిల్ల ఒక్కతే. గుమ్మం దగ్గర నిలబడి, వచ్చినవాళ్లకు తలా ఒక వాక్యం పంచుతుంది. ఆచార్యుడు లేపితే ఎవరి వాక్యం వాళ్లు అప్పజెప్పి కూర్చుంటారు. ఆయన రెండో ప్రశ్న వెయ్యడు. పాఠం నడుస్తోందని ఆయన, గండం గడిచిందని వీళ్లు, అందరూ హాయిగానే ఉన్నారు. చదువు మాత్రం గుమ్మం బయటే ఉండిపోయింది.

"మళ్లీ ఆలస్యమేనా! ఇదిగో, నీ వాక్యం. చలామణిలో డబ్బు పెరిగితే ధరలు పెరుగుతాయి. ఇంకేం కలపకు" అంది పంతులమ్మ.

"ఎందుకు పెరుగుతాయే?"

"తల్లీ, నీకో దణ్ణం. ముందు లోపలికి పద!"

ఆచార్యుడు ఆవేళ మొదట ఆమెనే లేపాడు. ఆమె వాక్యం అప్పజెప్పింది. ఆయన తల ఊపలేదు.

"మొన్న పరీక్షలో తరగతి తరగతంతా ఇదే రాసింది. ఆ తర్వాత మాట ఒక్కరూ రాయలేదు. ఎందుకు పెరుగుతాయమ్మా?"

వెనక బెంచీలోంచి పంతులమ్మ గుసగుసగా ఇంకో వాక్యం అందించింది. అది ఆమెకు స్పష్టంగానే వినబడింది. దాన్ని అప్పజెబితే చాలు, బయటపడుతుంది. కానీ ఇంకొకరి మాట మోసి మోసి ఆమెకు రోత పుట్టింది.

"తెలీదు సార్. నేను చదవలేదు."

"అయితే ఏం చెయ్యాలో తెలుసుగా." ఆయన వెళ్లి తలుపు తెరిచాడు.

కాళ్లు అలవాటుగా అటు తిరిగాయి. గుమ్మం అవతల ఆమెకు కనిపించింది వరండా కాదు, బతుకంతా లాండ్రీ.

"పోను సార్."

"ఏమిటీ?"

"పొద్దున డ్యూటీ ఉంది, చదవడం కుదర్లేదు. తప్పే. దానికి ఇంకేదైనా పని చెప్పండి, చేస్తాను. కానీ తెలియనివాళ్లని బయటికి పంపేస్తే, తెలిసినవాళ్లకి మీరు చెప్పేదేముంది సార్? ధరలు ఎందుకు పెరుగుతాయో నాకు నిజంగా తెలియాలి. చెప్పండి."

ఆచార్యుడు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

ఆయన కూర్చోమనలేదు. ఆమె కూర్చుంది.