పదహారు పొట్లాల తీర్పు

"బావా, సగటు తగ్గింది!" అని తూనికలాయన మెట్ల కింద నుంచి కేకేశాడు. మిషన్ల హోరులో అది పైనున్న బావకు "సరుకు తగ్గింది" అని వినిపించింది.

"దొంగతనం అంటగడతావురా? పందొమ్మిదేళ్లుగా ఈ మిషన్ దగ్గరే చస్తున్నాను!" అంటూ బావ దడదడా దిగివచ్చాడు.

"సరుకు కాదు బావా, సగటు! పొట్లాల సగటు బరువు!"

అందరూ నవ్వారు. బావ నవ్వలేదు.

అది సబ్బుపొడి కర్మాగారం. పొట్లానికి సగటున ఐదొందల గ్రాములుండాలి. నింపేది బావ, నిగ్గు తేల్చేది అతని భార్య తమ్ముడైన ఈ తూనికలాయన. వరసకు బావమరిది, వృత్తికి బరువుమరిది అని లోడింగువాళ్లు ఏడిపించేవారు.

పరీక్షకో ధర్మం ఉంది. ముందు తప్పేమీ లేదనే అనుకోవాలి. ఆ మాట నిలవదని లెక్క తేల్చితేనే వదలాలి. తూనికలాయన పదహారు పొట్లాలు తూచాడు. సగటు నాలుగొందల తొంభై అయిదు. పొట్లం బరువు ఆరు గ్రాములు అటూఇటూ కావడం మామూలే. పదహారింటి సగటుకు ఆ ఊగిసలాట నాలుగో వంతుకు తగ్గి ఒకటిన్నర గ్రాములే. ఐదు గ్రాముల లోటంటే దానికి మూడు రెట్లు పైమాటే. మామూలు ఊగిసలాటకు గణాంకాల పట్టిక ఇచ్చే హద్దు రెండు రెట్లు కూడా కాదు. బరువు తక్కువేనని సంతకం పెట్టేశాడు.

టెస్టు ఇతనిది, నష్టం బావది. మేనేజరు బావను అట్టపెట్టెలు మోసే పనిలో వేసి, మిషన్ మీదికి కొత్తమనిషిని తెచ్చాడు. అక్క తమ్ముడి ఫోన్ ఎత్తడం మానేసింది.

రెండు వారాల తర్వాత కొత్తమనిషి పొట్లాలూ అచ్చం అంతే తక్కువ తూగాయి. తూనికలాయన తన కొలతనే అనుమానించాడు. అన్నం ఉడికిందా అని చూడ్డానికి ఒక్క మెతుకు చాలంటారు. కానీ కుండంతా కలిపితేనే! మోకాలి నొప్పికి బద్ధకం తోడై, మెట్లెక్కకుండా మెట్ల కింద చేరిన పెట్టెల్లోంచే అతను రెండుసార్లూ పదహారేసి తీశాడు. అవన్నీ పొద్దున్నే మొదట నిండినవి.

బావ నింపిన పెట్టెలు గోదాములో ఇంకా ఉన్నాయి. రోజులో అన్ని గంటలవీ కలిపి చీట్లేసి ముప్పై ఆరు పొట్లాలు తీసి తూచాడు. సగటు ఐదొందలకు అర గ్రాము కూడా తగ్గలేదు. కాగితం పట్టుకుని పరుగున వెళితే మేనేజరు తలెత్తలేదు. "కొత్తాయనకు ఉత్తర్వు ఇచ్చేశాం. ఇప్పుడేం చేస్తాం?"

టీ విరామంలో తూనికలాయన బల్ల మీద చెయ్యేసి నిలబడ్డాడు. "అందరూ వినండి. తప్పు బావది కాదు, మిషన్‌దీ కాదు. నేను తీసిన పొట్లాలది. రోజంతటికీ తీర్పు చెప్పి, పొద్దుటి పొట్లాలే తూచాను."

ఎవరూ నవ్వలేదు. బావ గ్లాసు కింద పెట్టాడు.

"పొద్దున్నే పొడి చెమ్మగా ఉండి గొట్టంలో అంటుకుంటుందిరా, ఓ గంట తక్కువే పడుతుంది. పైకొచ్చి అడిగుంటే నేనే చెప్పేవాణ్ణి కదా."