దించే వరుస

పాలు పొంగేలోపు ఒక వరుస అల్లెయ్యడం సంచులమ్మకు అలవాటు. పొయ్యి ముందు నిలబడి, ఊలు ఉండను చంకలో ఇరికించుకుని, రెండు పొడుగాటి సూదులతో టకటకా కుట్లు మారుస్తూ, ఒక కన్ను గిన్నె మీద, ఇంకో కన్ను వెనక గదిలోని మంచం మీద వేసి ఉంచుతుంది. చేతిలో పనికి చూపేమీ మిగలదు. దాని అవసరమూ లేదు, వేళ్ళే చూసుకుంటాయి.

"అత్తయ్యా," అని పిలిచింది.

మంచం మీంచి జవాబు రాలేదు. సూదులు ఆగిపోయాయి. కొంగు సర్దుకుని గుమ్మం దాకా వచ్చి మళ్ళీ పిలిచింది.

"ఉన్నానే. ఇంకా పోలేదు," అంది ముసలావిడ దుప్పట్లోంచి. "పాలు చూసుకో. అవి పోయేలా ఉన్నాయి."

పాలు నిజంగానే పోయాయి. గట్టంతా తుడుస్తూ సంచులమ్మ తనలో తను నవ్వుకుంది. మనిషి ఉంది కదా, పాలు పోతే పోయాయి.

సంచులమ్మ అన్న పేరు కొరియర్ ఆయన పెట్టింది. పార్సిళ్ళ మీద ఆమె అసలు పేరు ఉంటుంది గాని, అంత చిన్న అక్షరాలు చదివే ఓపిక ఆయనకు లేదు. వీధిలోంచే "సంచులమ్మా" అని కేక వేస్తే మేడ మీద తలుపు తెరుచుకుంటుంది. కింద తాళాలు బాగుచేసే అతనూ, ఎదురింటివాళ్ళూ అదే పిలుపు అందుకున్నారు. యాభై దాటిన మనిషి. సన్నగా, కాస్త ముందుకు వంగి, వెనక నుంచి ఎవరో పిలుస్తారేమోనని చెవి ఒగ్గినట్టు ఉంటుంది. ఊలు పోగు జారీ జారీ కుడి చూపుడువేలి పక్కన సన్నటి గాడి పడింది. చేతులు కడుక్కున్నప్పుడల్లా ఆ గాడిలో నీళ్ళు నిలుస్తాయి.

ఆమె అల్లేవన్నీ చేతిసంచులే. కాగితం మీద గీసుకోవడం ఆమెకు రాదు. నాలుగైదు రంగుల పోగులు కిటికీ గట్టు మీద పక్కపక్కన పరిచి, పొద్దున వెలుగులో ఒకసారి, సాయంత్రం వెలుగులో ఒకసారి చూస్తుంది. సాయంత్రం కూడా ఒకదానితో ఒకటి సర్దుకుపోతే అల్లడం మొదలుపెడుతుంది. వాన తడిసిన గోడ రంగులో ఒకటి చేసింది. తుప్పు పట్టిన గేటు రంగులో ఇంకొకటి. బూడిద రంగులో అక్కడక్కడా ఆకుపచ్చ, ఊదా మెరిసేలా అల్లినదానికి 'పావురం మెడ' అని పేరు పెట్టింది. పేర్లు పెట్టినందుకు అత్తగారు నవ్వింది. సంచికి పేరేమిటే, బడికి పంపుతావా అని.

నెట్‌లో కొట్టు తెరిచింది చెల్లెలు. వేరే ఊళ్ళో ఉంటూ కొనేవాళ్ళతో మాట్లాడ్డం, చిరునామాలు పంపడం అంతా అదే చూసుకుంటుంది. మొదట్లో సంచులమ్మ సంచుల్ని కిటికీ ఊచలకు తగిలించి ఫోటోలు తీసి పంపేది. ఆరేసిన బట్టల్లా ఉన్నాయే అక్కా, అని చెల్లెలు ఫోన్లో విసుక్కునేది. ఒకరోజు అత్తగారు బరువు చూద్దామని సంచిని చేత్తో ఎత్తి పట్టుకున్నప్పుడు, అనుకోకుండా ఫోటో పడింది. మచ్చలు పడిన చర్మం, ఎముకలు తేలిన వేళ్ళు, వేలు చిక్కిపోయి ఊడిపోకుండా ఎర్ర ఊలు చుట్టిన ఉంగరం. ఆ సంచి ఆ రోజే అమ్ముడుపోయింది. అప్పట్నుంచి ఏ సంచి అయినా ఆ చేతిలోనే. ఆ చెయ్యి ఎవరిదని అడిగేవాళ్ళు కూడా ఎక్కువయ్యారు.

"మోడల్‌ది అని చెప్పమను మీ చెల్లెల్ని," అంది ముసలావిడ. "మొహం చూపించడానికి మా మోడల్ ఒప్పుకోదని చెప్పమను."

ఇంత నవ్వులాటలోనూ సంచులమ్మకు గుండెల్లో ఒక మూల ఎప్పుడూ బిగపట్టే ఉంటుంది. తల్లి పోయినప్పుడు ఆమె బస్సులో ఉంది. భర్త పోయినరోజు స్నానం చేస్తోంది. ఆఫీసుకు వెళ్తున్నానని ఆయన గుమ్మం దగ్గర్నుంచి చెప్తే, నీళ్ళ చప్పుడులో "ఆఁ" అంది. అంతే. మధ్యాహ్నానికి ఆఫీసు మనుషులు ఇద్దరు వచ్చి మెట్ల దగ్గరే నిలబడిపోయారు. ఆయనకు తను ఇచ్చిన ఆఖరి మాట ఆ "ఆఁ" అన్నది ఆమెను ఇన్నేళ్ళుగా తొలుస్తూనే ఉంది. కాస్త మంచి మాట ఏదైనా అనివుండాల్సింది. కనీసం బయటికి వచ్చి మొహం చూడాల్సింది.

అప్పట్నుంచి స్నానాలగది తలుపు పూర్తిగా వెయ్యదు. ఒంటి మీద నీళ్ళు పోసుకుంటూనే "అత్తయ్యా" అని పిలుస్తుంది. పోయిన చలికాలం డాక్టరు, గుండె అలిసిపోయింది, ఇంట్లోనే ఉంచి ఆవిడకి ఇష్టమైనట్టు జరగనివ్వండి అన్నాక ఆ పిలుపులు మరీ ఎక్కువయ్యాయి. ఇంట్లో 'వెళ్తాను' అన్న మాట పలకకూడదు. వెళ్ళొస్తాను అనాలి. ముసలావిడ గోడ పట్టుకుని బాత్రూముకు నడుస్తూ కూడా, "వెళ్ళొస్తానమ్మా, దిగులుపడకు," అని చెప్పి మరీ వెళ్ళేది. సంచుల్నీ అంతే. పార్సిల్‌కు టేపు అతికించాక దాని మీద అరచెయ్యి ఆనించి, "వెళ్ళిరా," అని మెల్లగా అంటుంది. అనకపోతే ఆ పూటంతా ఆమెకు స్థిమితం ఉండదు.

ఆ రోజు ఎండ వీధిలోకి దిగే వేళకు కొరియర్ ఆయన కేక వినిపించింది. నెరిసిన మీసం, చంకలో పార్సిలు, మొహం నిండా చిలిపితనం.

"సంచులమ్మా, మీ పిల్ల ఒకతి అత్తారింట్లో ఇమడలేక పుట్టింటికి వచ్చేసింది."

విప్పి చూస్తే పావురం మెడ. ఇంతలో చెల్లెలు ఫోన్ చేసి విషయం చెప్పింది. రంగు చూసి కొన్నావిడ మురిసిపోయిందట గాని, సంచి నోరు మరీ ఇరుగ్గా ఉందట. చెయ్యి దూరుతుందిగాని, లోపల ఉన్నది పట్టుకుని బయటికి రాదట. ఇంకో సంచి వద్దు, దీన్నే బాగుచేసి పంపమంటోందట.

అత్తగారు మంచం మీద దిండుకు ఆనుకుని కూర్చుని సంచిని ఇటివ్వమంది. పుల్లలాంటి చేతిని లోపలికి పోనిచ్చి, పిడికిలి బిగించి లాగింది. రాలేదు.

"నా చెయ్యే పట్టకపోతే ఇంకెవరి చెయ్యి పడుతుందే," అంది. తర్వాత సంచిని అలాగే చేతికి తగిలించుకుని కోడలి వైపు చూసింది. "రోజూ వెళ్ళిరా, వెళ్ళిరా అంటావు. పాపం అది చెప్పిన మాట విన్నది. అమ్మేసినదాన్ని వెళ్ళు అనాలే."

"ఆ మాట నా నోట రాదు అత్తయ్యా."

"నాకు తెలుసు. అందుకేగా నేనింకా ఇక్కడున్నాను."

నవ్వుతూనే అంది. సంచులమ్మ మాత్రం నవ్వలేకపోయింది. ఆవిడ చేతినుంచి సంచిని మెల్లగా విడిపించి, గట్టు మీద పెట్టి, పని లేకపోయినా వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగింది.

తప్పు ఎక్కడుందో ఆమెకు తెలుసు. అల్లిక అంతా అయ్యాక, సూది మీదున్న కుట్లను ఒక్కొక్కటిగా దించేస్తూ అంచు కట్టే వరుస ఒకటి ఉంటుంది. ఇంట్లో దాన్ని దించే వరుస అంటారు. అల్లడం ఆమెకు నేర్పింది అత్తగారే. కొడుకు పోయిన కొత్తలో, ఏదో ఒకటి పట్టుకోవే అని సూదులు చేతిలో పెట్టింది. ఆవిడది వదులు చెయ్యి, కోడలిది బిగువు. అన్ని వరుసలూ బాగానే అల్లుతావుగాని, దించే వరుస దగ్గరికొచ్చేసరికి ఎవరో లాక్కుపోతున్నట్టు బిగిస్తావు, దానికి లావు సూది తీసుకో, అని ఎన్నోసార్లు చెప్పింది. ఆ లావు చెక్కసూది డబ్బా అడుగున అలాగే ఉండిపోయింది. దానితో దించితే కుట్లు జారిపోయి, సంచి మొత్తం విడిపోతుందేమోనని సంచులమ్మకు భయం.

మధ్యాహ్నం మంచం పక్కన పీట వేసుకుని కూర్చుంది. ముందు పిడులు ఊడదీసింది, తర్వాత లోపలి గుడ్డ అంచు. మూలలో దాచిన ముడి కత్తెర మొనతో తెంపి, పోగు పట్టుకుని లాగితే అంచు గరగరా విడిపోసాగింది. ఉండ తను చుడతానని అత్తగారు చెయ్యి చాపింది. వద్దు అలిసిపోతారన్నా వినలేదు. ఒకరు విప్పుతుంటే ఒకరు చుడుతున్నారు. ఇద్దరి మధ్యా పోగు ఊగుతోంది. ఇన్నాళ్ళూ కుట్లలో ఉండటంతో అది వంకీలు తిరిగిపోయి, చిన్నపిల్ల జడ విప్పినట్టుంది.

"తడిపి ఆరేస్తే తిన్నగా అవుతుంది," అంది సంచులమ్మ.

"తొందరేముంది? నిన్నటిదాకా సంచిగా ఉంది. ఒక్క పూటలో ఎలా మర్చిపోతుంది?"

ఉండ వంకరగా, వదులుగా, ఒక పక్క ఉబ్బి తయారైంది. దాన్ని పొట్ట మీద పెట్టుకుని ముసలావిడ కాసేపు నిద్రపోయింది. సంచులమ్మ పాత పద్ధతి ప్రకారం రెండుసార్లు పిలిచింది. రెండుసార్లూ "ఊఁ" అని వచ్చింది. రెండోసారి కాస్త ఆలస్యంగా, కాస్త దూరం నుంచి వచ్చినట్టుగా.

సాయంత్రం కిటికీ గట్టు మీద వెలుగు బూడిద రంగుకు తిరుగుతోంది. ఊడదీసిన వరుసలు మళ్ళీ అల్లింది. నోరు పెద్దదవ్వాలని, పైన ఇరుకయ్యే వరుసలు కొన్ని వదిలేసి అంచును కొద్దిగా తగ్గించింది. ఇక మిగిలింది దించే వరుస. మామూలు సూదినే చేతిలోకి తీసుకుంది. తీసుకుని ఆగింది. వేళ్ళు అప్పుడే బిగుసుకుంటున్నాయి. లేచి డబ్బా అడుగునుంచి లావు చెక్కసూది తీసింది. అత్తగారు కళ్ళు తెరిచి ఆ సూదిని చూసింది. కనుబొమలు ఎగరేసింది, ఇన్నాళ్ళకు పుట్టిందే బుద్ధి అన్నట్టు.

పోగు ఆవిడ పొట్ట మీది ఉండలోంచి మెల్లగా లేస్తోంది, ఆవిడ ఊపిరితో పాటు కొద్దికొద్దిగా కదులుతోంది. ఒక కుట్టు దించింది. అది ఎక్కడికీ జారలేదు. ఇంకొకటి దించింది. సూది వదిలేసిన కుట్టు పక్కదాని చెయ్యి పట్టుకున్నట్టు అక్కడే, వెడల్పుగా, హాయిగా నిలిచింది. సంచులమ్మకు వింతగా ఉంది. ఇంత సుళువా అనుకుంది. సగం అంచు దిగేసరికి సంచి నోరు ఆవులించినట్టు తెరుచుకుంది.

"అమ్మాయ్," అంది అత్తగారు. గొంతు పలచగా ఉంది. బాధేమీ లేదు అందులో. "ఇంక వెళ్తానే."

వెళ్ళొస్తాననండి, అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. సంచులమ్మ ఆవిడ మొహంలోకి చూసింది. రోజల్లా పని చేసి, చెప్పులు వేసుకోవడానికి గుమ్మం దగ్గర నిలబడిన మనిషి మొహంలా ఉంది. ఆపితే ఆగుతుంది. ఇన్నాళ్ళూ ఆగుతూనే వచ్చింది. సంచులమ్మ సూదులు ఒళ్ళో పెట్టి, ఉంగరం ఉన్న ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. బిగించలేదు.

"వెళ్ళండి అత్తయ్యా," అంది.

"ఆఁ," అంది ముసలావిడ.

ఆ తర్వాత పోగు కదల్లేదు.

సంచులమ్మకు ఆ "ఆఁ" గదిలో ఇంకా ఉన్నట్టే ఉంది. ఎంత నిండుగా ఉంది ఆ మాట. విన్నాను, తెలిసింది, సరే, నువ్వు దిగులుపడకు, అన్నీ అందులోనే ఉన్నాయి. ఇంకో మాట కలిపితే ఎక్కువయ్యేది. అయితే ఆ రోజు నీళ్ళ చప్పుడులోంచి తను అన్నది కూడా ఆయనకు ఇలాగే వినపడి ఉంటుంది. ఇలాగే సరిపోయి ఉంటుంది. ఆ ఆలోచన రాగానే ఏడుపు వచ్చింది. ఏడుపు వెంటే, ఎన్నేళ్ళనుంచో లోపల ఇరుక్కున్న ఊపిరి ఒకటి, అడ్డం తొలగినట్టు బయటికి వచ్చింది. అత్తగారి కళ్ళు మూసి, దుప్పటి గడ్డం కింద దాకా సర్దింది. చెల్లెలికి ఫోన్ చేసింది. నేను పక్కనే ఉన్నానే, అని ముందుగా అదే చెప్పింది. చెల్లెలు వచ్చేలోపు, సగంలో వదిలితే కుట్లు పాడవుతాయని, మిగిలిన వరుస కూడా దించేసింది. వేళ్ళు ఒక్కసారి కూడా బిగుసుకోలేదు.

మర్నాడు అన్నీ ముగిశాక, స్నానాలగది తలుపు పూర్తిగా వేసుకుని, గడియ పెట్టుకుని, నెత్తి మీంచి నీళ్ళు పోసుకుంది. ఎవరినీ పిలవలేదు.

ఆ వారంలోనే పిడులు కుట్టి, లోపలి గుడ్డ అతికించి, పావురం మెడను మళ్ళీ కట్టింది. కొరియర్ ఆయన ఈసారి వీధిలోంచి కేక వెయ్యలేదు. మెట్లెక్కి వచ్చి, తలుపు దగ్గర చెప్పులు విడిచి, ఖాళీ మంచం వైపు చూసి తల వంచుకున్నాడు. ఆవిడ ఉంటే నన్ను ఏదో ఒకటి అనకుండా పంపేది కాదక్కా, అన్నాడు. అవునంది సంచులమ్మ, నవ్వు కూడా వచ్చింది. పార్సిల్ మీద అరచెయ్యి ఆనించింది.

"వెళ్ళు," అంది.

ఆయన మెట్లు దిగుతున్న చప్పుడు వీధిలో కలిసిపోయేదాకా నిలబడి, లోపలికి వచ్చింది. మంచం మీద, పరుపు కొద్దిగా పల్లంగా దిగిన చోట, అంచు తగ్గించగా మిగిలిన ఊలు ఉండ ఒకటి ఉంది. ఒక పక్క ఉబ్బి, వదులుగా, వంకీలు ఇంకా పోకుండా.