మంచుకుక్క మైల

మా ఆయన ఈశ్వరరావు ఆ రోజు మధ్యాహ్నమే ఆఫీసు నుంచి వచ్చేశాడు. నేను తలుపు తీసినా లోపలికి రాలేదు. బూట్లు విప్పి, చేతులు ఒంటికి దగ్గరగా పెట్టుకుని గుమ్మంలోనే నిలబడి, "ఇదిగో, కాస్త పక్కకి జరుగు. బాత్‌రూమ్ తలుపు తీసిపెట్టు. నేనేమీ ముట్టుకోకూడదు" అన్నాడు.

మా వైపు ఆ మాటకి ఒక్కటే అర్థం. అయినవాళ్ళు పోయిన కబురు చెవిన పడితే, కట్టుబట్టలతో తలస్నానం చేసేదాకా ఇంట్లో దేన్నీ తాకరు. సింగపూర్‌లో ఆయన ఆఫీసున్న సైన్స్ పార్క్ నుంచి మేముండే యూ టీ దాకా బస్సులోనూ ట్రైన్‌లోనూ ఎంతమందిని రాసుకుంటూ వచ్చాడో గానీ, ఇంట్లో మాత్రం సోఫాకి కూడా తగలకుండా పక్కపక్కగా నడుచుకుంటూ వెళ్ళి, టై అయినా విప్పకుండా షవర్ కింద నిలబడ్డాడు.

"ఎవరండీ? అత్తయ్యగారా?" అని అడిగాను. ఆయన షవర్ ఇంకా పెద్దగా తిప్పాడు. ఏడో నెల కడుపుతో అక్కడే నేల మీద చతికిలబడి, మా అత్తగారి మంచితనం గుర్తు చేసుకుని ఏడవడం మొదలుపెట్టాను. నిజానికి ఆవిడ మంచితనం గుర్తు రావాలంటే కొంచెం వెతుక్కోవాలి. వెతుక్కుని మరీ ఏడ్చాను.

నా ఏడుపు విని కింది అంతస్తు ప్రభావతి ఆంటీ పరిగెత్తుకొచ్చింది. ఆవిడ పుట్టి పెరిగింది సింగపూర్‌లోనే. ఇంటిపేరు తెలుగు, మాటలో సగం తమిళం, చివర సింగపూర్‌వాళ్ళ 'లా'. సంగతి అడిగి, "పావం... నువ్వు పొయ్యి వెలిగించొద్దు మా. మకాన్, సాపాటు నేను తెస్తా" అని వెళ్ళి, చావింటికి తెచ్చినట్టే పప్పూ చారూ అన్నం గిన్నెలు పట్టుకుని వచ్చేసింది. అప్పుడే ఆయన తడిబట్టలతో బయటికొచ్చాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"అమ్మ కాదు. లూమి పోయింది. ఆఫీసులో మెయిల్ వచ్చింది" అన్నాడు.

ఆంటీ నా వైపు చూసింది. "లూమి ఎవరు మా? నాత్తనారా, మీ ఆడపడుచా?"

ఆయనే చెప్పాడు. "ఫిన్లాండ్‌లో నా కుక్క, ఆంటీ."

తెచ్చిన అన్నం పెట్టాలో, వెనక్కి తీసుకెళ్ళాలో ఆవిడకి పాలుపోలేదు. చివరికి "కుక్క అయినా ప్రాణమే లా" అని గిన్నెలు బల్ల మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రానికల్లా మా బ్లాకులోని తెలుగువాళ్ళందరికీ తెలిసిపోయింది, ఈశ్వరరావుకి కుక్క మైల వచ్చిందని. ఒకరిద్దరు పలకరించడానికి వచ్చి, ఏమని పలకరించాలో తెలియక కాఫీ తాగి వెళ్ళారు.

"కుక్క పోతే స్నానం చేస్తారా ఎవరైనా?" అని నిలదీశాను.

"ఏమో. నావాళ్ళు పోతే చెయ్యాలని అమ్మ నేర్పింది" అన్నాడు.

నావాళ్ళట! నాకు ఒళ్ళు మండిపోయింది.

లూమి సంగతి నాకు తెలియనిది కాదు. ఫిన్లాండ్‌లో ఎమ్మెస్ చదివిన రెండేళ్ళూ ఆయన సెలవు రోజుల్లో పెక్కా అనే ముసలాయన దగ్గర పనిచేసేవాడు. మంచు మీద బండి లాగే కుక్కల్ని పెంచుతాడాయన. ఎద్దులకి బదులు కుక్కలు, చక్రాలకి బదులు చెక్కబద్దలు, అంతే తేడా. ఆ జట్టుకి ముందుండి దారి తీసే కుక్క లూమి. తెల్లటి ఒళ్ళు, ఒక కన్ను నీలం, ఒక కన్ను గోధుమ రంగు. అక్కడి భాషలో లూమి అంటే మంచు అట. పెళ్ళయిన కొత్తలో ఆల్బమ్ ముందు వేసుకుని ఇవన్నీ చెబితే ముచ్చటగానే విన్నాను. అది ఎక్కడో ఫిన్లాండ్‌లో ఉంది, నేను ఇక్కడ ఆయన పక్కన ఉన్నాను కదా అని ధీమా.

చచ్చిపోయాక అది మా ఫ్లాట్‌కి కాపురానికొచ్చింది. ఫోటో కంప్యూటర్ తెర మీదకి ఎక్కింది. నా పెళ్ళి ఆల్బమ్ మాత్రం మంచం కింద సూట్‌కేసులో ఉంది.

వై టూ కే గండం గడిచి, సెల్‌ఫోన్ల కంపెనీలు ఎగబడి మనుషుల్ని తీసుకుంటున్న రోజులవి. ఆయన ఎప్పుడొచ్చినా అలిసిపోయే వచ్చేవాడు. రెండేళ్ళ కాపురంలో నాతో మాట్లాడినవన్నీ టెలిగ్రాములే. "లేటవుతుంది." "ఉప్పు తక్కువైంది." "ఇదిగో, తాళాలు." నా పేరు అరుణశ్రీ. ఆ పేరు ఆయన నోట ఒక్కసారే విన్నాను, కొత్తకోడలిగా అత్తారింట్లో అడుగు పెట్టేటప్పుడు. ఆడపడుచులు గుమ్మానికి అడ్డం నిలబడి, పెళ్ళాం పేరు చెబితేగానీ లోపలికి రానివ్వమంటే, "నేనూ అరుణశ్రీ వచ్చాం" అని గొణిగి గబగబా దాటేశాడు. ఆ తర్వాత నుంచి నేను 'ఇదిగో'నే. మా నాన్నా అంతే కాబట్టి మగవాళ్ళు ఇంతేనేమో అని సర్దుకున్నాను.

అలాంటి మనిషి లూమి పోయాక నోరు విప్పాడు. అన్నం దగ్గర లూమి, బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ లూమి. లూమికి ఎండుచేప అంటే ప్రాణమట. ముందు ఎడమ చెవి నిమిరితేగానీ మెడకి పట్టీ వెయ్యనిచ్చేది కాదట. పెక్కా పాట అందుకుంటే మొహం తిప్పుకునేదట. నాకు ఏ చెవి ముందు నిమరాలో ఈయనకి తెలుసా అని కూర వడ్డిస్తూ అనుకునేదాన్ని. పైగా దాన్ని 'ఆమె' అంటాడు! ఊళ్ళో ఆడవాళ్ళకి ఆఫీసు అమ్మాయిలతో బెంగ. అదైతే తిట్టుకోవడానికి ఒక మనిషి ఉంటుంది, పట్టుకు లాగడానికి ఒక జడ ఉంటుంది. నాకు దొరికిన సవతికి తోక ఉంది. అదీ చచ్చి ఫోటోలో కూర్చుంది, ఇక దాన్ని ఏమీ అనడానికి లేదు.

అసూయ అంటే అసూయే, దానికి వేరే పేరు పెట్టను. అద్దంలో చూసుకుని నా కళ్ళు రెండూ ఒకే రంగులో ఉన్నందుకు కూడా విసుక్కున్నాను. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఆ కుక్కని తలుచుకున్నప్పుడు ఆయన ముఖంలోకి వచ్చే ఆ కళ, ఒక్కసారి నన్ను చూసి రావాలి.

ఒక ఆదివారం ఆంగ్ మో కియోలో ఆయన స్నేహితుడి ఇంటికి వెళ్ళొస్తుంటే, దారిలో ఒక పెద్ద ఇంటి గేటు వెనకాల అలాంటి కుక్కే కనిపించింది. ఎండకి నాలుక బయటపెట్టి రొప్పుతోంది. ఈయన ఇస్త్రీ ప్యాంటు వేసుకుని రోడ్డు మీద మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. గేటు సందుల్లోంచి చెయ్యి పెట్టి ఎడమ చెవి నిమిరాడు. నేను కడుపు మోసుకుంటూ ఎండలో నిలబడ్డాను. ఇంటావిడ బయటికొచ్చి అది మగకుక్క అని చెప్పాకగానీ నా మనసు కుదుటపడలేదు.

అక్కడి నుంచి భోజనాల కొట్లన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి వెళ్ళి, ఇక్కడి పద్ధతిలో బల్ల మీద టిష్యూ పొట్లం పెట్టి చోటు పట్టుకుని కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నాక ఆయన నెమ్మదిగా అడిగాడు.

"ఆడపిల్ల పుడితే లూమి అని పెడదామా?"

చెంచా పళ్ళెంలో పెట్టేశాను. పోయినవాళ్ళ పేరు పుట్టినవాళ్ళకి పెట్టుకోవడం మా ఇళ్ళల్లో ఉన్నదే. అలా పెట్టుకోవలసిన పేరు మా అమ్మది. నేను పదో తరగతిలో ఉండగా పోయింది. నాకు కూతురు పుడితే సుభద్ర అని పిలుచుకోవాలని అప్పుడే అనుకున్నాను. పెళ్ళిచూపుల్లోనే ఆ మాట చెబితే ఈయన సరే అన్నాడు కూడా. ఇప్పుడు మా అమ్మకి కుక్క పోటీకొచ్చింది.

"మా అమ్మా, మీ కుక్కా ఒకటేనా?"

"అలా కాదు..."

"గొలుసు కూడా కొన్నారా పుట్టబోయేదానికి? పాలు నేల మీద పళ్ళెంలో పోసి పెట్టమంటారా?"

పక్క బల్ల దగ్గర చైనీస్ ముసలావిడ తల తిప్పి చూసేంత గట్టిగా అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. "సుభద్రే పెడదాంలే" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు. లూమి ఊసే ఎత్తలేదు. కంప్యూటర్ తెర మీద ఫోటో కూడా తీసేశాడు. ఇంట్లోకి మళ్ళీ టెలిగ్రాములు వచ్చాయి. పోట్లాటలో గెలిచింది నేను, కానీ నెల తిరక్కుండానే ఆ నిశ్శబ్దానికి పిచ్చెక్కింది నాకే. ఎంత ఖర్మ కాకపోతే, మొగుడి గొంతు వినడానికి ఆ కుక్క కబురే అడగాల్సి వచ్చింది!

నిండు నెలలని బట్టలు ఆరేసే పని ఆయన చేస్తున్నాడు అప్పట్లో. వెదురు గెడకి చొక్కాలు తొడిగి వంటింటి కిటికీలోంచి బయటికి చాపి పెట్టబోతుంటే అడిగాను. "అసలేం చేసింది అది మీకు?"

ఆయన గెడని లోపలికి లాక్కున్నాడు.

"బండి తోలేవాడికి మొదటి రోజే ఒకటి చెబుతారు. కింద పడ్డా, ఈడ్చుకుపోయినా, పిడి మాత్రం వదలొద్దని. వదిలావా, కుక్కలు వెళ్ళిపోతాయి. వాటికి పరుగే తెలుసు, వెనక ఎవరున్నారో చూసుకోవు. నేను వదిలేశాను."

"ఎందుకు?"

"కళ్ళజోడు ఎగిరిపోయింది. పట్టుకోబోయాను."

సాక్షాత్తూ మా ఆయనే అనుకున్నాను.

"మంచు తుఫాను. నా చెయ్యి నాకు కనబడటం లేదు. లూమీ అని పిలిచాను. గొంతు పోయేదాకా పిలిచాను. జట్టు మొత్తాన్ని తిప్పుకుని వచ్చేసింది. మిగతావి మొరాయిస్తే కరిచి మరీ తిప్పుకొచ్చింది. వచ్చి నా మీద పడుకుంది, నాకు వెచ్చగా ఉండాలని."

"పెక్కా మెచ్చుకున్నాడా?"

"మెచ్చుకున్నాడు. కానీ తనంతట తను ఒకసారి వెనక్కి తిరిగిన కుక్కని ఇక ముందు కట్టరు. మళ్ళీ ఎప్పుడు తిరుగుతుందో అని నమ్మకం ఉండదు. తీసుకెళ్ళి చివర కట్టేశాడు. అంత దర్జాగా ముందు నడిచేది, నా మూలాన చివరికి పోయింది. తర్వాత నాకు ఇక్కడ ఉద్యోగం వచ్చింది. వస్తానని చెప్పడానికి కూడా వెళ్ళలేదు. వెళ్తే కదలలేనని." గెడ మీద చొక్కా సర్దాడు. "బళ్ళు తిరిగొచ్చినప్పుడల్లా ఒక్కో బండి వెనకాలకీ వెళ్ళి, నిలబడ్డవాడి మొహం చూసి వచ్చేదట. నడవగలిగినన్నాళ్ళూ చూసిందని రాశాడు పెక్కా."

ఆ మాటకి ఎవరైనా కరిగిపోవాలి. నేను ఇంకా కుళ్ళుకున్నాను. ఇన్నాళ్ళూ అది అందగత్తె అని ఏడ్చాను. ఇప్పుడు నా పసుపుకుంకుమలు దాని భిక్షేనని తేలింది. ఇక దాని సరసన నేను ఎలా నిలబడను? ఈయన కోసం నేను చేసిందల్లా పోపు మాడకుండా చూసుకోవడం. అది ఉన్న హోదా పోగొట్టుకుంది.

"నన్నెప్పుడైనా అలా పిలిచారా?" అని అడిగేశాను.

ఆయన నిజంగానే ఆలోచించాడు. "నువ్వెప్పుడూ ఇక్కడే ఉంటావు కదా" అన్నాడు. మరీ అంత అమాయకంగా అన్నాడు. వెళ్ళి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

అమ్మాయే పుట్టింది. బారసాల మా ఫ్లాట్‌లోనే చేశాం. గుడి నుంచి పంతులుగారు వచ్చారు. బ్లాకులోని తెలుగువాళ్ళు హాలు నిండా కూర్చున్నారు. పళ్ళెంలో బియ్యం పోసి, తండ్రి చేత ఉంగరంతో పేరు రాయించారు. సుభద్ర అని గుండ్రంగా మూడుసార్లు రాశాడు. మా అమ్మ పేరు బియ్యంలో చూసి నాకు కళ్ళు నిండిపోయాయి.

అప్పుడు ప్రభావతి ఆంటీ అందుకుంది. "సరి మా, పేరు బాగుంది. పిలిచేది ఎట్లా? అత్త పేరు పెట్టి అల్లుడు కూకలేస్తాడా? పిలుపుకి ఒక పేరు వెయ్యండి లా."

పంతులుగారూ అది నిజమేనన్నారు. హాల్లోంచి తలో పేరూ వచ్చింది. చిన్ని, బుజ్జి, పండు. ఆయన ఏదైనా పర్వాలేదన్నట్టు ఉంగరం పట్టుకుని తలవంచుకు కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. చూస్తే ఆ పేరు ఎక్కడ బయటపడుతుందోనని ఆయన భయం. చూడకపోయినా నాకు తెలుస్తూనే ఉంది.

చచ్చినా మమ్మల్ని వదలని ఆ కుక్క మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలోనే, బండి బండికీ తిరిగి మొహాలు చూసుకున్న దాని తిప్పలు గుర్తొచ్చాయి. దానికి చెప్పకుండా వచ్చేశాడు. నాకు మనసులో మాట చెప్పకుండా ఇక్కడే ఉంటున్నాడు. మా ఇద్దరికీ దొరికింది ఒకే మనిషి.

"లూమి అని రాయండి" అన్నాను.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అందరికీ తెలిసిన పేరే కదా. ఆంటీ వాళ్ళ వైపు తిరిగి గుడ్లురిమింది. ఆయన రాయలేదు. ఉంగరం బియ్యంలో దిగబడి ఆగిపోయింది. అంతమంది ముందు, పట్టుపంచె కట్టుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత కండువాతో ముఖం తుడుచుకుని, రాశాడు.

"ఏదీ, పిల్లని ఆ పేరుతో ఒకసారి పిలవండి" అన్నారు పంతులుగారు.

ఆయన నా ఒళ్ళో ఉన్న పిల్ల మీదికి వంగాడు. "లూమీ..." అన్నాడు. గట్టిగా కాదు. వస్తుందో రాదో అన్న భయంతో, దీర్ఘం తీసి పిలిచాడు. ఈ మనిషి దగ్గర అలాంటి గొంతు ఒకటి ఉంటుందని నేను ఎరగను.

పిల్ల కదల్లేదు. పాలు తాగిన మత్తులో హాయిగా నిద్రపోతోంది. ఆ పిలుపుకి తల తిప్పింది నేను.