తెల్లబడ్డ ప్లగ్గు

కూతురు అర్చన చనిపోయిన ఎండాకాలం నుంచి వెంకటన్న పాత పెట్రోలు జీపు వీపనగండ్లలో ఇంటి పక్క రేకుల కింద కదలకుండా ఉంది. పెళ్లిళ్లకూ సంతలకూ ఊరివాళ్లను అందులోనే తిప్పి బతికిన మనిషి, ఆ తర్వాత తాళంచెవి ముట్టలేదు.

ఆ మధ్యాహ్నం నొప్పులు పడుతున్న కూతుర్ని వనపర్తి దవాఖానకు తీసుకుపోతుంటే, బండి సగం దారిలో దగ్గి దగ్గి ఆగిపోయింది. లారీ దొరికేసరికి పొద్దు వాలింది. బిడ్డ దక్కింది, తల్లి దక్కలేదు. అల్లుడు ప్రదీప్ శవం పక్కనే అరిచాడు.

"కన్నబిడ్డ ఎక్కిన బండ్ల పెట్రోలు పోయనీకి చెయ్యి రాలే నీకు!"

ఊళ్లో ఆ మాటే నిలిచిపోయింది. పసిదాన్ని ఎత్తుకుని తన ఊరు కొల్లాపూర్ వెళ్లిన ప్రదీప్ దాన్ని మళ్లీ కళ్లకు చూపించలేదు.

ఆ రోజు టాంకిలో పెట్రోలు ఉంది. వెంకటన్నకు ఆ సంగతి తెలుసు. బండి ఎందుకు ఆగిందో మాత్రం తెలియదు. చివరికి భార్య సత్యమ్మే అంది.

"గా బండి ఎందుకు ఆగిందో చూపియ్యి. బిడ్డ తల నా ఒళ్లెనే ఉండె. నాకు తెల్వాలె."

ట్రాక్టరుకు కట్టి జీపును పెబ్బేరుకు లాక్కుపోయారు. అక్కడి మెకానిక్కు జితేందర్ వెంకటన్నకు పాత పరిచయం. టాంకి కడిగి, కొత్త పెట్రోలు పోసి స్టార్టు చేశాడు. బండి మామూలుగానే మోగింది. వేడెక్కేదాకా అలాగే వదిలాడు. కాసేపటికి చప్పుడు ఎగుడుదిగుడైంది. యాక్సిలరేటరు తొక్కితే ఊపు అందుకోకుండా దగ్గసాగింది.

ఇంజను ఆపి, నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పాడు. సున్నం పూసినట్టు తెల్లగా ఉంది.

"చూడు వెంకటన్నా, సరిగ్గ మండితె ఇటుక రంగుల ఉండాలె. గాలి ఎక్కువైంది, పెట్రోలు చాలుతలేదు."

పెట్రోలునూ గాలినీ కలిపే కార్బొరేటరు విప్పి శుభ్రం చేశాడు. అందులో ఏ లోపమూ లేదు. పెట్రోలు పంపు బాగానే కొడుతోంది. మళ్లీ స్టార్టు చేసి, వేడి ఇంజను మీదికి వంగి అతుకు అతుకునూ చెవి పెట్టి విన్నాడు. వెనక వైపు రబ్బరు గొట్టం వంపు దగ్గర సన్నగా బుస్సుమంటోంది. అక్కడ వేలు పెట్టి మూశాడు. ఇంజను కుదురుకుంది. వేలు తీశాడు. మళ్లీ దగ్గు మొదలైంది.

"గీ పైపు పలిగింది. సల్లగున్నప్పుడు మూసుకుంటది, వేడెక్కితె నోరు తెరుస్తది. గాలంత గీడినుంచి గుంజుతుంది."

సత్యమ్మ దగ్గరికొచ్చింది. జితేందర్ విప్పిన ముక్కను చేతిలోకి తీసుకుంది. జానెడు కూడా లేదు.

"గింతేనా?"

జితేందర్ తల ఊపాడు.

"గింత రబ్బరు ముక్కకా నా బిడ్డ పోయింది?" అంటూ అక్కడే మడ్డి నూనె నేల మీద కూలబడింది. కూతుర్ని పూడ్చిన రోజు కూడా ఆమె అలా ఏడవలేదు. వెంకటన్న ఆమె వీపు మీద చెయ్యి వేయబోయి, వేయలేక, జీపు మడ్‌గార్డును పట్టుకుని నిలబడ్డాడు. రోజూ ఆ ఇంజను చప్పుడు వింటూ బతికినవాడు, ఆ ఒక్క బుస వినలేకపోయాడు.

కొత్త గొట్టం వేయించుకుని అటునుంచి అటే కొల్లాపూర్ పోయారు. ప్రదీప్ వాకిట్లోకి వచ్చాడు గానీ రమ్మనలేదు. వెంకటన్న నిలబడే చెప్పాడు.

"పెట్రోలు ఉండె, ప్రదీపూ. పైపు పలిగింది."

"పెట్రోలు ఉన్నది తెలుసు మామా." ప్రదీప్ తల దించుకున్నాడు. "గా దినమే నేను టాంకి మూత తీసి చూసిన."

"మరి గట్లెందుకు అన్నవ్ బిడ్డా?" అంది సత్యమ్మ.

"ఎవర్నన్న అనాలె గదత్తా. అనకపోతె గా దినం నేను బతుకుతుంటినా?"

వెంకటన్నకు కోపం రావాలి. రాలేదు. అల్లుడి చెంపలు లోపలికి పోయి ఉన్నాయి. చొక్కా మీద పిల్ల కక్కిన పాల మరక ఎండి ఉంది.

ప్రదీప్ లోపలికి వెళ్లి పిల్లను తెచ్చి తాత చేతుల్లో పెట్టాడు. నుదురంతా అర్చనదే. కొత్త ముఖం చూసి అది బెదిరింది. పెదవి విరిచి, గుక్కపట్టి ఏడుస్తూ తండ్రి వైపు చేతులు చాచింది.

"అలవాటు లేదు మామా. వస్తుండాలె మీరు," అన్నాడు ప్రదీప్.

వెంకటన్న పిల్లను తిరిగి ఇచ్చేశాడు. ఇంతసేపూ ఆపుకున్న ఏడుపు అప్పుడొచ్చింది.