రాహుకాలంలో నొక్కిన బటన్

నిరుపమ ల్యాప్‌టాప్ తెరిచేలోపే భాగ్యమ్మ గారు గోడ మీది క్యాలెండర్ దగ్గరకి నడిచి, కళ్ళజోడు సవరించుకుని తీర్పు చెప్పేశారు.

"శుక్రవారం. పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం. నేను బటన్ నొక్కనమ్మాయ్."

పదకొండుకి అయిదు నిమిషాలుంది. వచ్చిన చిక్కల్లా అదే! డెబ్భై ఎనిమిదేళ్ళ తెనాలి మనిషి, దేశం కాని దేశంలో, పాపటోయిటోయిలో ఒంటరిగా ఉంటారు, పంచాంగం దగ్గర ఆవిడ మాటకి తిరుగులేదు. ఈ పరీక్షకి ఆఫీసులో మేనేజర్ దామోదర్ ఇచ్చిందేమో పదకొండు నుంచి పదకొండున్నర వరకే. అదీ రెండు వారాలు బతిమాలితే.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళు మెడలో వేసుకునే బటన్ ఒకటుంటుంది. కింద పడితే నొక్కుతారు, గదిలో ఉన్న స్పీకర్ డబ్బాలోంచి ఆపరేటర్ పలుకుతుంది. ఆ కాల్స్ మోసే సాఫ్ట్‌వేర్ నిరుపమ వాళ్ళ కంపెనీది. ఒక కంప్యూటర్‌కి రిపేరు వస్తే, దాంట్లో నడిచే ఉత్తుత్తి కంప్యూటర్ని, అంటే వర్చువల్ మెషీన్‌ని ఆపకుండానే ఇంకో కంప్యూటర్‌లోకి మార్చాలి. పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగానే కాపురం మార్చడమన్నమాట.

మే నెలలో సరిగ్గా అలా మారుస్తున్నప్పుడే భాగ్యమ్మ గారు బాత్రూంలో జారిపడ్డారు. బటన్ నొక్కి "పడిపోయానమ్మా" అన్నారు. అంతే, లైన్ పోయింది. మెషీన్ కొత్త చోటికి చేరి "ఇకనుంచి నేనిక్కడ" అని నెట్‌వర్క్‌కి ఒక్కసారే చెప్పింది. ఆ ఒక్క కబురూ దారిలో పోయింది. మాటలన్నీ పాత చోటికే వెళ్ళి పడ్డాయి. డబ్బా మాత్రం లైన్ ఉందనే అనుకుని, ఎన్నిసార్లు నొక్కినా కొత్త కాల్ కలపలేదు. ఆపరేటర్ ఫోన్ చేస్తే పక్కింటావిడ వచ్చి చూసేదాకా నలభై నిమిషాలు ఆవిడ తడినేల మీదే ఉన్నారు.

ఆ రోజు మెషీన్ మార్చింది నిరుపమే. దాచలేదు. హాస్పిటల్‌కి వెళ్ళి "చేసింది నేనే ఆంటీ" అని చెప్పేసింది, కడుపునిండా తిట్లు తింది. "మీకూ మీ బటన్‌కీ ఓ దణ్ణం" అని భాగ్యమ్మ గారు దాన్ని మెడలోంచి తీసేశారు.

ఆ లోపాన్ని నిరుపమే సరిచేసింది. ఇప్పుడు మెషీన్ తన కబురు అందిందని రూఢి అయ్యేదాకా చెబుతూనే ఉంటుంది. పాత చోటు కూడా వెంటనే తలుపు మూసుకోదు, దారితప్పి వచ్చిన ప్రతి మాటనీ కొత్త చోటికి తోస్తుంది. నిరుపమ ల్యాబ్‌లో నాలుగువందల సార్లు మార్చి చూసింది, ఒక్క కాల్ తెగలేదు. ఇక తెగదు, ఆమెకి ఆ నమ్మకం ఉంది. కానీ ఈవిడ మెడలో బటన్ లేకపోతే ఆ పనితనమంతా ఎవరికి? రేపు మళ్ళీ పడితే?

"ఆంటీ, కింద పడేవాళ్ళు ముహూర్తం చూసుకుని పడతారా?"

భాగ్యమ్మ గారు గుర్రుగా చూశారు. "నోరు బాగానే ఉందే నీకు!"

"రాహుకాలంలోనే నొక్కండి. ఇప్పుడు పనిచేస్తే ఎప్పుడైనా పనిచేస్తుంది. లైన్ తెగిందా, మీ చేత్తోనే రబ్బిష్ బిన్‌లో పడేయండి."

"సరే, నీ ధైర్యమేమిటో చూద్దాం," అని ఆవిడ బటన్ అందుకుని నొక్కారు.

"నమస్తే ఆంటీ, నేను అమూల్యని," అంది డబ్బాలోంచి ఆపరేటర్. తెలుగొచ్చిన పిల్లని నిరుపమే ముందుగా అడిగి పెట్టింది. ఆ పూటకి ఈ ఒక్క లైనే ఉండే మెషీన్ కూడా విడిగా సిద్ధం చేసుకుంది.

భాగ్యమ్మ గారు అందుకున్నారు. శాండ్రింగ్‌హామ్‌లో మనవాళ్ళ షాపుల్లో అమ్మే గోంగూరకి పులుపే లేదట, అదేమంటే షాపువాడు నవ్వుతాడట. నిరుపమ మెషీన్‌ని కదిలించింది. పావు సెకనులో అది కొత్త చోట కూర్చుంది.

"అయిపోయిందాంటీ, మారిపోయింది."

"ఎప్పుడు?"

"మీరు షాపువాణ్ణి తిడుతున్నప్పుడు."

"ఛ, నమ్మను. మళ్ళీ మార్చు."

మార్చింది. "మళ్ళీ," అన్నారు. మళ్ళీ మార్చింది. ఒక్కసారే అన్నావు కదా అని దామోదర్ మెసేజ్ పెట్టాడు. ఆంటీ ఆర్డర్ సార్ అని కొట్టింది నిరుపమ.

నాలుగోసారి మారుస్తుండగా గదిలో మాట ఆగిపోయింది. లైన్ తెగిందేమోనని నిరుపమ తెర వైపు చూసింది.

"ఆంటీ, ఉన్నారా?" అంది అమూల్య.

"ఉన్నానమ్మా." భాగ్యమ్మ గారి గొంతు బాగా చిన్నదైపోయింది. "ఆ రోజు పడిపోయానన్న ఒక్క మాటే విన్నారు మీరు. తర్వాత ఎంత చెప్పానో! అవతల ఎవరూ లేరని తెలియదుగా. భయంగా ఉందమ్మా, ఎవరైనా వచ్చేదాకా కాస్త మాట్లాడుతూ ఉండు, అని అడుగుతూనే ఉన్నాను."

నిరుపమ కీబోర్డు వదిలి ఆవిడ వైపు తిరిగింది. ఆ నలభై నిమిషాల్లో పాత చోటికి వచ్చి పడిన డేటా ప్యాకెట్లు లక్షా ఇరవై వేలని రిపోర్టులో రాసింది తనే. అవి ఈ మాటలని ఒక్కసారీ అనుకోలేదు. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

"ఇప్పుడు చెప్పండి ఆంటీ," అంది అమూల్య. "నేను లైన్‌లోనే ఉన్నాను."

భాగ్యమ్మ గారు కుర్చీ లాక్కుని కూర్చుని, బటన్ తాడు తల మీంచి మెడలో వేసుకుని, బాత్రూంలో నేల ఎంత చల్లగా ఉందో మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టారు.